మోకాలి అరుగుదలకు వెడ్జ్ ఇన్‌సోల్: బయటి అంచు నిలబడితేగా!

వెడ్జ్ ఇన్‌సోల్ అంటే షూ లోపల పాదం కింద పరిచే, బయటి అంచు ఎత్తుగా ఉండి లోపలికి వాలే మెత్త. పెట్టుకున్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. వాడకం ఇప్పటికీ ఆపలేదు గానీ, ఆ మెప్పులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. కారణం ఒక్కటే, బయటి అంచు.

దీనికి ప్రాణమే ఆ అంచు. మోకాలి లోపలివైపు గుజ్జు అరిగి కాలు కాస్త దొడ్డికాలుగా వంగితే, అడుగు వేసినప్పుడల్లా నేల నుంచి వచ్చే ఒత్తిడి కీలుకి లోపలిపక్కగా పైకి పోతుంది. ఆ ఒత్తిడి గీతకీ కీలుకీ మధ్య ఎడం పెరిగేకొద్దీ లోపలివైపు భారం పెరుగుతుంది. చిటికెన వేలి వైపు అంచు ఎత్తు చేస్తే అరికాల్లో ఒత్తిడి బయటికి జరిగి ఆ ఎడం కాస్త తగ్గుతుంది. కాస్తే సుమా! నడక ల్యాబుల్లో కొలిస్తే లోపలివైపు భారం తగ్గేది 5 శాతం అటూ ఇటూ.

ఇక అంచు సంగతి. 5 డిగ్రీల వెడ్జ్ అంటే, 65 మి.మీ. వెడల్పున్న మడమ దగ్గర బయటి అంచు లోపలి అంచు కంటే ఐదున్నర మి.మీ. పైచిలుకు ఎత్తు. అదంతా ఈవీఏ ఫోమే, షూ సోళ్ళలో వాడే తేలికపాటి సరుకు. ఒత్తిడిని బయటికి జరపడమే దీని పని కాబట్టి ఆ ఒత్తిడి వచ్చి పడేదీ అక్కడే, మెత్తటి సరుకైతే ముందు అణిగేదీ అక్కడే. 2 మి.మీ. అణిగిందా, 5 డిగ్రీలు కాస్తా మూడు చిల్లరకి దిగిపోతాయి. పైబట్ట మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది, కంటికి తెలీదు. బయటికి తీసి గ్రానైట్ గట్టు మీద పెట్టి, మడమ దగ్గర రెండు అంచుల మందం స్కేలుతో కొలవండి. తేడా 4 మి.మీ. లోపుకొస్తే మార్చేయడమే. బొటనవేలితో నొక్కితే గుంట పడేది అసలు కొనొద్దు. గట్టి ఈవీఏ గానీ కార్క్ గానీ అడగండి. మడమ వరకే ఉండే ముక్క కంటే పూర్తి పొడవుది నయం, మడమ లేచాక కూడా మోకాలి మీద భారం ఉంటుంది మరి.

మొదట్లో కలిగిన హాయిలో వెడ్జ్ వాటా ఎంత, దానితోపాటు కొన్న మెత్తటి షూ వాటా ఎంత అన్నది తేలే విషయం కాదు. వెడ్జ్‌ని చదును ఇన్‌సోల్‌తో పోల్చిన పరీక్షల్లో నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కీళ్ళ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు కూడా వెడ్జ్‌ల వైపు మొగ్గలేదు. నడక బాగా దెబ్బతిన్నవాళ్ళకి చేతికర్రనే గట్టిగా సిఫార్సు చేశాయి. కర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి, నొప్పి కాలితోపాటే నేలకి ఆనాలి, పిడి మణికట్టు ముడత ఎత్తుకి రావాలి. వెడ్జ్ కంటే ముందు కొనాల్సింది అదేనేమో.

గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేసే ఇళ్ళు మనవి, ఇంట్లో వెడ్జ్ ఉండదు. అది లోటేమీ కాదు. 2006లో చికాగోలోని రష్ వర్సిటీ పరిశోధకులు కొలిచి చూస్తే, మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళు రోజూ వేసుకునే బూట్లతో కన్నా వట్టికాళ్ళతో నడిచినప్పుడే కీలు మీద భారం తక్కువగా ఉంది. అంటే ఎత్తు మడమ, బిరుసు సోల్ ఉన్న షూలో వెడ్జ్ వేస్తే, ఇది దించిన భారాన్ని అది మళ్ళీ ఎక్కిస్తుంది. మడమ ఎత్తు తక్కువగా, సోల్ చేత్తో వంచితే వంగేలా, లోపలి ఇన్‌సోల్ ఊడొచ్చేలా ఉన్న షూ చూసుకోండి. పాత ఇన్‌సోల్ తీయకుండా దానిమీదే ఇది పెడితే మడమ పైకి లేచి షూలోంచి జారుతుంది.

నాకు అరిగింది లోపలివైపే, పాదానికి వంపూ ఉంది, కాబట్టి గట్టి ఈవీఏతో కొనసాగిస్తున్నాను. చదును పాదాలవాళ్ళకి చీలమండ లోపలివైపు లాగేస్తుంది. మోకాళ్ళు ఒకదానికొకటి తగిలే కాళ్ళయితే దీని జోలికి పోవద్దు, వాళ్ళలో సాధారణంగా అరిగేది బయటివైపు, ఇది భారాన్ని అటే తోస్తుంది. షుగరుతో పాదాలు తిమ్మిరెక్కినవాళ్ళు వట్టికాళ్ళ నడక మాట మరిచిపోవాలి. వెడ్జ్ వాడితే చిటికెన వేలి మొదట్లో ఎర్రబడిందేమో రోజూ రాత్రి చూసుకోవాలి.