శంషాబాద్ నుంచి రేణిగుంటకి గంటేనట!

టికెట్ మీద 1 గంట 15 నిమిషాలని ఉంది. ఆ ఒక్క ముక్క చూపించే నాన్నని తిరుపతి విమానానికి ఒప్పించాను. కూకట్‌పల్లిలో గుమ్మం దాటింది పొద్దున 6 గంటలకి. తిరుమలలో బస్సు దిగింది మధ్యాహ్నం 3.15కి.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గాల్లో దూరం 420 కిలోమీటర్ల లోపే. రోడ్డు మీదైతే హైదరాబాద్ నుంచి తిరుపతికి 550 దాటుతుంది. నేనూ ఈ లెక్కే చూసి మురిసిపోయాను. ముగ్గురికి టికెట్లు 12,540, ఇంటి నుంచి శంషాబాద్‌కి క్యాబ్ 1,120.

9.10 ఫ్లైట్ ఆలస్యమన్నారు. ఎంతసేపో ఒక్కసారే చెప్పేస్తే మనిషి సర్దుకుంటాడు. వీళ్లు చీటీపాట వాయిదాల్లాగా ఇరవై నిమిషాలు, మళ్లీ ఇరవై నిమిషాలు అంటూ 11.30 చేశారు. మా 300 రూపాయల దర్శనం స్లాట్ 4 గంటలకి. నాకు టెన్షన్, మా ఆవిడకి నా మీద కోపం. నాన్న మాత్రం 220 రూపాయల కాఫీ ధర బోర్డు చదివి, సంచిలోంచి పులిహోర డబ్బా తీసుకున్నారు. "నారాయణాద్రి రైల్లో అయితే ఈపాటికి స్నానం కూడా అయిపోయేదిరా" అన్నారు, రెండుసార్లు.

గాల్లో ఉన్నది 58 నిమిషాలు. నాన్న నిద్రపోయారు.

అసలు కథ రేణిగుంటలో దిగాక మొదలైంది. టాక్సీ అతను కొండ మీదికి 1,400 అన్నాడు, బేరమాడకుండా ఎక్కాం. అలిపిరిలో సామాన్లు దింపి, స్కానింగ్ చేయించి, మళ్లీ కారు దగ్గరికి తెచ్చుకోవాలి కదా. తెచ్చేసరికి డిక్కీ మూసేసి దానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఘాట్‌కి ఇంకో 600 సార్, వెయిటింగ్ వేరే." నేను పర్సు తీయబోయాను. నాన్న సూట్‌కేసు మీద కూర్చున్నారు. "రసీదు ఇస్తావా?" అన్నారు, ముప్ఫై ఏళ్లు రెవెన్యూలో పనిచేసిన గొంతుతో. పావుగంట వాదన. చివరికి 1,000 తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఎండలో సామాన్లు మోసుకుని బస్సెక్కాం. మనిషికి 90. ఎలక్ట్రిక్ బస్సు, చప్పుడే లేదు. కిటికీ పక్క సీటు దొరికేసరికి నాన్న ముఖం విప్పారింది. ఒక్కో మలుపుకీ ముందు సీటు కమ్మీ పట్టుకుంటూ, తన చిన్నప్పుడు మెట్లెక్కి వచ్చిన కబుర్లు చెప్పారు. 15 వేలకి దగ్గరగా ఖర్చయిన రోజు మొత్తంలో మాకు సుఖం దొరికింది ఆ 270 రూపాయల్లోనే.

దర్శనం బాగా జరిగింది.

నన్నడిగితే, మీ ఇల్లు శంషాబాద్‌కి దగ్గరగా అత్తాపూర్, రాజేంద్రనగర్ వైపైతేనే విమానం గురించి ఆలోచించండి. అదీ స్లాట్ మర్నాటికి ఉంటేనే. కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్లకి లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కి పడుకోవడమే మేలు. పగటిపూట వెళ్లాలంటే వందే భారత్ పొద్దున ఆరు దాటాక సికింద్రాబాద్‌లో బయల్దేరి రెండున్నర ప్రాంతంలో తిరుపతిలో దింపుతుంది. మేం ఆ రోజు అలిపిరిలో రసీదు గురించి పోట్లాడింది ఇంచుమించు అప్పుడే. టాక్సీ మాట్లాడితే మాత్రం ఘాట్, టోల్, వెయిటింగ్ అన్నీ కలిపే ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి.

తిరుగు ప్రయాణం రైల్లోనే, థర్డ్ ఏసీ మనిషికి 1,200 లోపే. నాన్నకి లోయర్ బెర్త్ దొరికింది, గూడూరు రాకముందే గురక. పై బెర్త్ మీంచి మా ఆవిడ తల వంచి, "వచ్చేసారి మీరూ మావయ్యగారూ రైల్లో రండి. నేను ఫ్లైట్‌లో వచ్చి రూములో పడుకుంటా" అంది.