మారుతి ఆల్టో కె10: ఏళ్ల తరబడి తోలాక నాకు తేలిన సంగతులు

చిన్న కారు అనగానే మనవాళ్లు మూడే అడుగుతారు. మైలేజీ ఎంతిస్తుంది, సర్వీసుకి ఎంతవుతుంది, అమ్మితే ఎంతొస్తుంది. తోలడానికి ఎట్లా ఉంటుంది అని అడిగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. అందుకే ముందు ఆ సంగతే రాస్తాను, మిగతావి తర్వాత.

మా నెల్లూరు, పక్కన ప్రకాశం జిల్లా రోడ్ల మీద బండి తోలడంలో మజా కావాలంటే ముప్పావు టన్ను బరువు, లీటరు పెట్రోలు ఇంజను, చేత్తో వేసే గేర్లు ఉన్న హ్యాచ్‌బ్యాక్ చాలు. ఇంకో పది లక్షలు ఎక్కువ పెడితే సుఖం వస్తుంది, గౌరవం వస్తుంది, ఈ మజా మాత్రం రాదు. హైవే మీద ఈ మాట చెల్లదు. అది కూడా రాస్తాను.

నా బండి 2014 నవంబరులో వచ్చిన రెండో తరం ఆల్టో కె10, వీఎక్స్ఐ రకం, చేత్తో వేసే గేర్లది. 998 సీసీ, మూడు సిలిండర్లు. 6000 ఆర్‌పీఎం దగ్గర 67 హార్స్‌పవర్, 3500 దగ్గర 90 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజను తిప్పే బలం. బీఎస్6 అనే కాలుష్య నిబంధనలతో 2020లో ఈ మోడల్ ఆగిపోయింది. 2022 ఆగస్టులో కొత్త ఒంటితో, మార్చిన ఇంజనుతో మళ్లీ వచ్చింది. పవర్ మాత్రం దాదాపు అంతే. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో చాలా భాగం కొత్తదానికీ వర్తిస్తుంది.

మా బావమరిది మార్కాపురంలో ఉంటాడు. కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నాడు, 1.2 లీటర్ల పెట్రోలు, 82 హార్స్‌పవర్. వచ్చినప్పుడల్లా "బావా, ఈ డబ్బాని ఇంకా ఎన్నాళ్లు తోలతావు?" అంటాడు. ఒకసారి కాగితం మీద లెక్కేసి చూపించా. అతని బండి టన్ను దాటింది. కాబట్టి టన్నుకి 80 హార్స్‌పవర్ అటూ ఇటూగా పడుతుంది. నాది ముప్పావు టన్ను, టన్నుకి 90 దగ్గర. అంటే లాగే శక్తిలో డబ్బాదే పైచేయి. అతనికి నమ్మకం కుదర్లేదు. కనిగిరి రోడ్డు మీద ఒక పూట నా బండి ఇచ్చి, అతని పక్కన కూర్చున్నా. తిరిగొచ్చాక లెక్క గురించి మాట్లాడలేదు, "ఏసీ చల్లగా లేదు బావా" అన్నాడు. ఆ మాట నిజమే.

బరువు తక్కువ ఉంటే పికప్ ఒక్కటే బాగుంటుందనుకుంటారు. నిజానికి మార్పు అన్నిట్లోనూ తెలుస్తుంది. బ్రేక్ వేస్తే ఆపాల్సిన బరువు తక్కువ. మలుపులో పక్కకి లాగే బరువు తక్కువ. యాక్సిలరేటర్ మీద కాలు కదిపిన వెంటనే బండి జవాబు చెప్తుంది. నాది 155/65 ఆర్13 టైరు, సన్నటిది. దానివల్ల 50 స్పీడులోనే టైరు ఎంత పట్టు మీద ఉందో, ఎక్కడ జారబోతోందో సీటు కిందనుంచే తెలుస్తుంది. వెడల్పు టైర్లున్న పెద్ద బండిలో ఆ సంగతి తెలియాలంటే 90, 100 మీద మలుపు తిరగాలి. మన రోడ్ల మీద ఆ పని బుద్ధున్నవాడెవడూ చేయడు. పెద్ద బండి సత్తాలో సగం కూడా వాడుకోలేం. చిన్న బండిని మొత్తం వాడుకోవచ్చు, అదీ చలానా పడకుండా.

దీనికి థర్డ్ గేర్ ప్రాణం. 30 నుంచి 75 వరకూ అదే గేరులో ఉండొచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వరికోతలప్పుడు పొదలకూరు రోడ్డు మీదకి వస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. ముందు వరిగడ్డి ట్రాక్టరు పోతుంటుంది. గడ్డి రెండు పక్కలా ట్రాలీ దాటి వేలాడుతుంటుంది, డ్రైవరుకి మనం కనపడం, మనకి ఎదురుగా వచ్చేది కనపడదు. హారన్ కొట్టినా ట్రాక్టరు పాటల మోతలో ఆయనకి వినపడదు. ఇంజను 30 దగ్గర గునుస్తుంటే థర్డ్‌లోనే ఉంచి, కుడిపక్కకి ఒక జానెడు జరిగి తొంగి చూడాలి. ఒకటిన్నర మీటరు వెడల్పు బండి కాబట్టి జానెడు చాలు, అవతలి లైనులోకి సగం ఒళ్లు పెట్టక్కర్లేదు. ఖాళీ కనపడగానే కాలు నొక్కితే 3000 ఆర్‌పీఎం దాటాక ఇంజను గొంతు మారుతుంది. అప్పటిదాకా కుట్టుమిషన్ మాదిరి టకటకలాడేది ఒక్కసారిగా బొంగురు పోయి అరుస్తుంది. గడ్డిపోచలు అద్దానికి రాసుకుంటూ పోతాయి, ట్రాక్టరు దాటేసరికి 65. ఫోర్త్ వేసి కాలు తీస్తే మళ్లీ నిశ్శబ్దం. ఈ పని ఐదు సెకన్లో ఆరు సెకన్లో, అంతే. దానికోసం రోజూ ఆ రోడ్డు మీద పొయ్యేవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆ సీజన్‌లోనే వడ్లు సగం రోడ్డుకి ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. తప్పని వాదించేవాళ్లు ఉన్నారు, నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి ఆ వాదన జోలికి పోను. మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా ఆటో వచ్చినా చిన్న బండి ఇరుక్కోదు.

ఇంక రాపూరు కనుమ. రాపూరు నుంచి చిట్వేలు పొయ్యే ఘాట్ రోడ్డు ఈ బండికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. పెంచలకోనకి పొయ్యేవాళ్లు రాపూరు దాకా వచ్చి పక్కకి తిరిగిపోతారు, నేరుగా కొండెక్కేవాళ్లు తక్కువ. ఎక్కేటప్పుడు మలుపులో సెకండ్, బయటపడగానే థర్డ్, మళ్లీ మలుపుకి సెకండ్. 2010లో మొదటి కె10 వచ్చినప్పటి నుంచీ గేర్లు కేబుల్‌తో పనిచేస్తాయి. అంతకుముందు ఆల్టోలో గేరు రాడ్డు కొంచెం గీరుకునేది. ఇది రెండు వేళ్లతో పడుతుంది. క్లచ్ కూడా తేలిక, మోకాలికి నొప్పి లేదు. మలుపులో బండి ఒళ్లు బాగానే ఒరుగుతుంది, పక్కన కూర్చున్న మా ఆవిడ తలుపు పిడి పట్టుకుంటుంది. స్పీడోమీటరు చూస్తే 45. ఆమెకి అది 80 లాగా అనిపిస్తుంది, నిజం చెప్పాలంటే నాకూ అంతే. దిగేటప్పుడు సెకండ్‌లో వదిలేస్తే ఇంజనే పట్టి ఆపుతుంది, బ్రేక్ వేడెక్కదు. కాకపోతే మూడు సిలిండర్ల వణుకు గేరు రాడ్డులోకి వస్తుంది. ఆగి ఉన్నప్పుడు చెయ్యి పెడితే స్పష్టంగా తెలుస్తుంది. ఇది నచ్చనివాళ్లుంటారు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కేటప్పుడు లెక్క వేరు. నలుగురు పెద్దవాళ్లు, సంచులు, పైన ఏసీ. 90 న్యూటన్ మీటర్లు అక్కడ చాలవు. ముందు ఆర్టీసీ బస్సు ఉంటే దాని వెనకాలే సెకండ్‌లో పోవాల్సిందే. అడ్డదారిలో దాటదామని చూడకూడదు. నిటారు చోట్ల ఏసీ ఆపేస్తే బండికి ఊపిరొస్తుంది, వెనక సీటువాళ్లకి ఆడదు. బండి ఒక్కరికో ఇద్దరికో ఎంత సరదాగా ఉంటుందో, నలుగురు ఎక్కితే అంత మామూలు బండైపోతుంది. అమ్మానాన్నలతో వారం వారం కొండలెక్కే ఇంటికి నేనీ బండి చెప్పను.

హైవే సంగతికొస్తే, నెల్లూరు నుంచి చిలకలూరిపేట వైపు 16వ నంబరు జాతీయ రహదారి ఆరు వరసలు. తిన్నగా, నున్నగా ఉంటుంది. ఈ బండికి అక్కడ పనేమీ లేదు. 80, 90 మీద పోతే ఇంజను ఇబ్బంది పడదు కానీ చెవులు పడతాయి. టైరు మోత, గాలి మోత కలిసి టంగుటూరు టోల్‌గేటు దాటేసరికి తలనొప్పి తెస్తాయి. మే నెలలో పడమటి గాలి కొట్టినప్పుడు స్టీరింగు రెండు చేతులతో పట్టుకోవాలి. ప్రైవేటు బస్సు పక్కనుంచి దూసుకుపోతే ముందు అవతలికి నెడుతుంది, తర్వాత తనవైపు లాక్కుంటుంది. ఇది ఒక్క ఈ బండి లోపం కాదు. ముప్పావు టన్ను బరువుండి నిలువుగా కట్టిన ఏ బండికైనా ఇంతే, తేలికదనం ఇచ్చే మజాకి ఇదే ఖరీదు. నేను ఒంగోలు పోవాలంటే ఈ మధ్య రైలెక్కుతున్నాను.

ఊళ్లో మాత్రం రాజాయే. స్టోన్‌హౌస్‌పేట, చిన్నబజారు సందుల్లో 4.6 మీటర్ల టర్నింగ్ రేడియస్ అంటే ఏంటో తెలుస్తుంది. రొట్టెల పండగ రోజుల్లో ఊరంతా జనం నిండిపోతే, పెద్ద బండ్లవాళ్లు రివర్స్ కెమెరాలు చూసుకుంటూ చెమటలు కక్కే చోట ఒక్క తిప్పుడులో బయటపడొచ్చు. గట్టి వాన పడితే అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలబడతాయి కదా, అక్కడ చిన్న బండి పెద్ద బండి అని లేదు, వెనక్కి తిప్పుకోవడమే.

ఏఎంటీ గురించి, అంటే క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు తనే మార్చుకునే రకం గురించి చాలామంది అడుగుతారు. 2014 మోడల్‌లోనూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. మాగుంట లేఅవుట్ నుంచి వీఆర్సీ సెంటరు దాకా రోజూ పొయ్యేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోండి, ఎడమకాలికి విశ్రాంతి. కానీ గేరు మారేటప్పుడు బండి ఒకసారి తల ఊపుతుంది. గడ్డి ట్రాక్టరు దాటే ఆ ఐదు సెకన్లలో మధ్యలో అది ఆలోచించుకుంటూ కూర్చుంటే నాకైతే పడదు.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం. 2014 జనవరిలో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని గోడకి గుద్ది చూశారు. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దవాళ్ల రక్షణలో సున్నా వచ్చింది. ఆల్టో 800 అందులో ఒకటి. నా బండి దాని అన్నదమ్ములదే, బ్రేక్ తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. 2019 నుంచి ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరిగా ఇచ్చారు, 2025లో కె10కి ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. ఇది తెలిసి తోలుతున్నా కాబట్టి నా పద్ధతి వేరు. తడి తారు మీద ముందు బండికి రెట్టింపు దూరం వదులుతాను. ఏబీఎస్ లేని బండిలో బ్రేక్ ఒక్కసారిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి, ఇక స్టీరింగు తిప్పినా బండి తిరగదు, తిన్నగా జారిపోతుంది. ఒత్తి, వదిలి, మళ్లీ ఒత్తాలి. చీకటి పడ్డాక చీమకుర్తి వైపు పోను. గ్రానైటు రాయి ఎక్కించుకున్న లారీలు, లైట్లు లేని ట్రాలీలు, మన హెడ్‌లైటు వెలుగేమో అంతంత మాత్రం. కొత్తగా కొనేవాళ్లు, నా బండి మీద మోజుతో పాతది వెతక్కండి. మజా రెండిట్లోనూ ఒకటే, కొత్తదాంట్లో ప్రాణానికి భరోసా ఎక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా.

ఖర్చుల గురించి పెద్దగా రాయడానికి లేదు. కంపెనీ చెప్పిన మైలేజీ 24.07. నాకు ఊళ్లో ఏసీతో 16, 17, పల్లె రోడ్ల మీద మామూలుగా తోలితే 20 దాటుతుంది, రాపూరు కనుమలో ఎంతని నన్నడక్కండి. స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, వింజమూరులో చెట్టు కింద మెకానిక్కి కూడా ఈ ఇంజను కంఠతా వచ్చు. మైపాడు బీచికి తరచూ పొయ్యేవాళ్లు మాత్రం ఇంటికొచ్చాక కింద మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలికి రేకు ఆగదు. పద్నాలుగు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించుకునే కుర్రాళ్లకి ఒక మాట: బరువు చక్రాలు వేస్తే పికప్ పోతుంది, స్టీరింగు మొద్దుబారుతుంది. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించి, వారానికోసారి గాలి చూపించుకోండి.

కొనే ముందు టెస్ట్ డ్రైవ్‌కి షోరూము కుర్రాడు మినీ బైపాస్ మీద ఒక చుట్టు తిప్పి తెస్తాడు. దాంట్లో ఏమీ తెలియదు. అతన్ని ఒప్పించి పొదలకూరు రోడ్డెక్కండి. ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టండి, ఏసీ వేయండి, థర్డ్ గేర్‌లో 30 నుంచి కాలు నొక్కి చూడండి. తర్వాత ఇంట్లోవాళ్లని దింపి, ఏసీ ఆపి, అదే మళ్లీ చేయండి. మొదటిసారి లాగిన తీరుతో మీ ఇంటికి సరిపెట్టుకోగలిగితే కొనుక్కోండి. రెండోసారి లాగినదాన్ని చూసి మాత్రమే కొంటే, నెలకోసారైనా ఒంటరిగా తోలే వీలు మీకుండాలి.