సింపుల్ పాస్టా, పర్ఫెక్టా: రోజువారీ ఇంగ్లీషులో ఏది మేలు?

తాళంచెవి కనబడడం లేదు. గుమ్మం బయట నిలబడి ఫోనులో ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పాలి. ‘ఐ లాస్ట్ మై కీ’ అనాలా, ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’ అనాలా? తెలుగులో ఈ సందేహమే రాదు. ‘తాళంచెవి పోగొట్టుకున్నాను’ అంటే సరిపోతుంది. అది ఇప్పుడే పోయిందా, ఎప్పుడో పోయి దొరికిందా అన్నది సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషు ఆ పనిని సందర్భానికి వదిలేయకుండా క్రియకే అప్పగించింది.

‘లాస్ట్’ అని ఊరుకుంటే, అంటే సింపుల్ పాస్ట్ వాడితే, జరిగిన ఘటన చెప్పినట్టు. ఆ తరువాత తాళంచెవి దొరికిందో లేదో ఆ మాటలో లేదు. ‘హ్యావ్ లాస్ట్’ అని ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడితే అది ఇంకా దొరకలేదని, నేను ఇంకా బయటే ఉన్నానని వినేవారికి అర్థమవుతుంది. మొదటిది జరిగినదాని గురించి, రెండోది దానివల్ల ఇప్పుడు ఏర్పడిన పరిస్థితి గురించి. ఈ ఒక్క తేడా మనసుకు పడితే వ్యాకరణ పుస్తకంలోని సూత్రాల్లో సగం బట్టీపట్టనక్కరలేదు.

‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘టూ డేస్ ఎగో’ వంటి మాటల పక్కన ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎందుకు ఇమడదో కూడా ఇందులోనే ఉంది. నిన్న అనగానే ఆ కాలం ముగిసిపోయింది. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అన్నప్పుడు ఒకే వాక్యం ఇప్పటి వైపూ నిన్నటి వైపూ లాగుతుంది. మనవాళ్ళు చాలా తరచుగా చేసే పొరపాటు ఇది, దిద్దుకోవడం కూడా అంతే తేలిక. ఎప్పుడు జరిగిందో చెప్పే రోజు పేరో తేదీయో సంవత్సరమో నోటికి వస్తే ‘హ్యావ్’ను వదిలేయండి. ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ అంటే చాలు. అదే ‘సముద్రం ఎప్పుడైనా చూశారా?’ అని అడగాలనుకోండి, అక్కడ ఫలానా రోజంటూ లేదు, పుట్టినప్పటి నుంచి ఈ క్షణం దాకా అంతా లెక్కలోకి వస్తుంది. కనుక ‘హ్యావ్ యు ఎవర్ సీన్ ద సీ?’ అన్నదే సహజం. తెలుగులో ‘నిన్న చూశారా’, ‘ఎప్పుడైనా చూశారా’ రెండింటికీ ‘చూశారా’ ఒక్కటే కాబట్టి మన చెవికి ఈ తేడా తానంతట తాను పట్టుబడదు.

ఇక్కడిదాకా అయితే రోజువారీ మాటల్లో సింపుల్ పాస్ట్‌నే నమ్ముకోండి అని నిశ్చింతగా చెప్పేవాడిని. దానితో తప్పుపోయినా ఎదుటివారికి విషయం అందుతుంది. కానీ ఒకచోట అది అర్థాన్నే తలకిందులు చేస్తుంది.

‘మూడేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.’ ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పాలి. చాలామంది నోట వచ్చే వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ యియర్స్’. ‘పనిచేస్తున్నాను’ కాబట్టి ‘యామ్ వర్కింగ్’, ‘నుంచి’ కాబట్టి ‘సిన్స్’. తెలుగును అక్షరాలా నమ్మినందుకు వచ్చిన తప్పు అది, నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. మన ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది: ‘2019 నుంచి’ అని మొదలైన చోటును చూపిస్తుంది, ‘మూడేళ్ళ నుంచి’ అని గడిచిన నిడివినీ కొలుస్తుంది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘సిన్స్’, రెండోదానికి ‘ఫర్’. కాబట్టి సరైన వాక్యం ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ యియర్స్’. పర్ఫెక్ట్ అంటే భయపడి ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ యియర్స్’ అన్నారా, ఆ ఉద్యోగం మానేశారని ఎదుటివారు రాసుకుంటారు. మొదలై ఇంకా సాగుతున్న పనికి పర్ఫెక్ట్ తప్ప వేరే దారి లేదు.

ఈ పాఠం నాకు ఒక ఫోను సంభాషణలో అందింది. కొత్తగా పరిచయమైన ఒకాయన ‘హౌ లాంగ్ ఆర్ యు హియర్ ఫర్?’ అని అడిగారు. ఎన్నాళ్ళుగా ఉంటున్నానని అడుగుతున్నారనుకుని ‘త్రీ యియర్స్’ అన్నాను. ఇంకో మూడేళ్ళు ఉండబోతున్నానని ఆయన సంతోషించారు. అప్పటికే సామాను సర్దుకుంటున్నాను నేను. నేను విన్నాననుకున్న ప్రశ్న ‘హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ హియర్?’. ‘ఆర్’ ముందుకు చూసింది, ‘హ్యావ్ బీన్’ అయితే వెనక్కి చూసేది.

‘గాన్’, ‘బీన్’ జంట మాత్రం తెలుగువారికి సులువు. ‘షి హ్యాజ్ గాన్ టు ద లైబ్రరీ’ అంటే వెళ్ళింది, ఇంకా రాలేదు. ‘షి హ్యాజ్ బీన్ టు ద లైబ్రరీ’ అంటే వెళ్ళివచ్చింది.

‘హ్యాడ్’ సంగతికి వద్దాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మనం దాన్ని అవసరానికి మించి వాడుతున్నాం. ‘ఐ హ్యాడ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ అని ఉత్తరాల్లో ఎన్నిసార్లు చూశానో. నిన్న జరిగింది కదా, ఇంకాస్త వెనక్కి జరిపితే మర్యాదగా ఉంటుందని కాబోలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి అది సగంలో ఆగిన కథలా వినిపిస్తుంది. పంపారు సరే, ఆ తరువాత ఏమైంది అని చూస్తారు. అక్కడ ‘సెంట్’ చాలు.

‘హ్యాడ్’కు నిజంగా పని పడేది గతంలో రెండు ఘటనలుండి, వాటిలో ఏది ముందో తెలియాల్సినప్పుడు. ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్’ అంటే నేను చేరడం, రైలు కదలడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. వెళ్తున్న రైలును నా కళ్ళతో చూసి ఉండవచ్చు. ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’ అంటే నేను చూసింది ఖాళీ పట్టాలనే. తెలుగులో ‘నేను చేరేసరికి రైలు వెళ్ళిపోయింది’ అంటాం. ఆ ‘సరికి’ ఎంత చక్కని మాటో! ఇంగ్లీషులో ‘హ్యాడ్’ చేసే పనిని మనకు అది చేసిపెడుతోంది. మీ తెలుగు వాక్యంలో ‘సరికి’, ‘అప్పటికే’ అన్నవి వస్తే ‘హ్యాడ్’ వెతకండి, లేకపోతే దాని జోలికి పోకండి. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్న వాక్యాల్లో వరుస ఆ మాటల్లోనే తెలిసిపోతుంది కనుక సింపుల్ పాస్ట్ వేసినా ఎవరూ తప్పుపట్టరు.

ఫ్యూచర్ పర్ఫెక్ట్‌కు ఎక్కువ చోటు అక్కరలేదు. ‘అయిదింటికల్లా పూర్తిచేసి ఉంటాను’ అన్నదానికి ‘ఐ విల్ హ్యావ్ ఫినిష్డ్ బై ఫైవ్’ అతికినట్టు సరిపోతుంది. మామూలు మాటల్లో ‘ఐ విల్ ఫినిష్ బై ఫైవ్’ అన్నా పని జరిగిపోతుంది.

ఇంతకీ, ‘ఇప్పుడే తిన్నాను’ అనడానికి ‘ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్’ రాస్తే ఒకరు ఒప్పు అనడం, ‘ఐ జస్ట్ ఏట్’ అంటే మరొకరు ఒప్పు అనడం చూసి తికమక పడేవారున్నారు. బ్రిటిష్ వాడుకలో ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘యెట్’ పక్కన పర్ఫెక్ట్ ఎక్కువగా వినిపిస్తుంది. అమెరికన్ వాడుకలో అక్కడ సింపుల్ పాస్ట్ కూడా మామూలే. మీ పరీక్ష, మీ పాఠ్యపుస్తకం బ్రిటిష్ పద్ధతివైతే ‘హ్యావ్’ ఉంచండి. అమెరికన్లతో మాట్లాడుతుంటే ‘డిడ్ యు ఈట్ యెట్?’ విని ఉలిక్కిపడకండి. ‘మూడేళ్ళ నుంచి’ దగ్గరికొచ్చేసరికి మాత్రం వారూ ‘హ్యావ్ బీన్’ అనే అంటారు.