బోరు మోటారుకు సెల్ స్టార్టర్: కాల్, మిస్డ్ కాల్, మెసేజ్, యాప్‌లలో ఏది మేలు?

మిరప నాట్లు పడ్డాయంటే గుంటూరు చుట్టుపక్కల ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. తాడికొండ, మేడికొండూరు, ఫిరంగిపురం వైపు మిరప, పత్తి వేసినవాళ్లు అడుగుతారు. ఇటు మైలవరం, జి.కొండూరు వైపు మామిడి తోటలున్నవాళ్లూ అదే అడుగుతారు. పొలం ఊరికి రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. వ్యవసాయ ఫీడరుకు పగటిపూట 9 గంటల కరెంటని లెక్క ఉన్నా, మధ్యలో ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో కాపలా కాయలేం. ఫోన్‌తో మోటారు వేసే డబ్బా పెట్టిద్దామనుకుంటే కొట్లో నాలుగైదు రకాలు చూపిస్తారు. డీఓఎల్ స్టార్టరుకూ (నేరుగా పూర్తి వోల్టేజీతో మోటారు వేసేది) స్టార్ డెల్టాకూ (ముందు తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టేది) తేడా రైతులకు తెలిసిందే కాబట్టి నేరుగా అసలు విషయంలోకి వెళ్తాను.

కొనేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు: ఎన్ని నంబర్లు ఎక్కించుకోవచ్చు, యాప్ ఉందా లేదా. నా లెక్కలో ఈ రెండూ తర్వాతి సంగతులు. మన మాట డబ్బాకు చేరడం పెద్ద కష్టం కాదు, కాలైనా మెసేజైనా ఎలాగోలా చేరుతుంది. కష్టమంతా మోటారు సంగతి మనకు తిరిగి చేరడంలోనే ఉంది. ‘మోటారు ఆన్ అయింది’ అని డబ్బా చెప్పినప్పుడు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. డబ్బాలోని రిలే (కరెంటుతో కదిలే చిన్న స్విచ్) కదలగానే అన్న మాటా, మోటారుకు వెళ్లే తీగల్లో కరెంటు కొలిచి చెప్పిన మాటా?

తేడా ఎక్కడ బయటపడుతుందో చూడండి. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు ఒక్కో ఫేజులో ఇంచుమించు 7 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది. కచ్చితమైన అంకె మోటారు ప్లేటు మీద ఉంటుంది. ఒక ఫేజు ఫీజు పోయిందనుకుందాం. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్ మిగిలిన రెండు ఫేజుల మధ్య ఉంటే అది చక్కగా లాగుతుంది, టక్‌మని చప్పుడూ వస్తుంది. మోటారు మాత్రం తిరగదు, మూలుగుతూ నిలబడుతుంది. ఉన్న రెండు ఫేజుల్లో మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు పోతుంది. కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే సరిగా సెట్ చేసి ఉంటే అక్కడ ఆగుతుంది. కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాని డయలును చివరిదాకా తిప్పేసిన డబ్బాలు ఎన్నో ఉన్నాయి. అలాంటిచోట వైండింగ్ మాడడానికి నిమిషాలు చాలు. రిలే మాటనే చెప్పే డబ్బా అయితే, ఆ నిమిషాల్లో మన ఫోన్‌కు వచ్చే కబురు ‘మోటారు ఆన్ అయింది’ అనే. కొలిచి చెప్పే డబ్బా ఆర్, వై, బీ అనే మూడు ఫేజులూ చూసి, ఆర్‌లో ఇంత, వైలో ఇంత, బీలో సున్నా అని చూసి, తనే ఆపి, ‘ఫేజు లేదు’ అంటుంది.

ఇలా కొలవాలంటే మోటారు తీగలు సీటీలలోంచి, అంటే గుండ్రటి చిన్న కాయిల్ రింగుల్లోంచి, వెళ్లాలి. డబ్బా మూత తీయించి చూడండి. రింగులు మూడుంటే మేలు, రెండున్నా పని నడుస్తుంది. ఒక్కటీ లేకపోతే ఆ డబ్బాకు మోటారు సంగతి ఏమీ తెలియదు. కొట్లోనే ఇంకో పరీక్ష చేయవచ్చు. మోటారేమీ తగిలించకుండా ఒట్టి డబ్బాకు కరెంటిచ్చి, ఫోన్ చేసి ఆన్ చేయమనండి. మోటారే లేనిచోట ‘మోటారు ఆన్ అయింది’ అందంటే ఆ మాట రిలేది. ‘లోడు లేదు’ అనో ‘డ్రై రన్’ (నీళ్లు లేకుండా తిరగడం) అనో అని ఆగిపోతే, కొలిచి చెబుతోందన్నమాట. ఈ ఒక్క పరీక్ష చేయనివ్వని కొట్లో కొనొద్దు.

కొలిచే డబ్బాతో ఇంకో లాభం, బోరు ఎండినా తెలుస్తుంది. నీళ్లు తగ్గితే మోటారు తేలికపడి ఆంపియర్లు పడిపోతాయి. నీళ్లు నిండుగా వస్తున్నప్పుడు ఆంపియర్లు చూసుకుని, అందులో నాలుగింట మూడు వంతుల దగ్గర డ్రై రన్ సెట్ చేయండి. 7.6 నడుస్తుంటే 5.7 దగ్గర పెట్టాలి. ఆపే ముందు 10 నుంచి 20 సెకన్ల ఆలస్యం ఇవ్వాలి, లేకపోతే పైపులో గాలి బుడగ వచ్చినా ఆగిపోతుంది. మళ్లీ వేయడానికి బోరు ఊరేదాకా, కనీసం అరగంట, ఎడం ఉంచాలి.

ఇక మాట చేర్చే పద్ధతులకు వద్దాం. నేను మొగ్గేది కాల్ చేసి అంకె నొక్కే రకానికి. డబ్బా ఫోన్ ఎత్తి, తెలుగులో ‘ఆన్ చేయడానికి 1 నొక్కండి’ అంటుంది. మనం నొక్కిన అంకె రెండు స్వరాల జంటగా వెళ్తుంది. 1963లో బెల్ కంపెనీ అమెరికాలో టచ్‌టోన్ ఫోన్లతో తెచ్చిన పద్ధతే ఇది. 1 అంటే 697, 1209 హెర్ట్జ్‌లు కలిసి మోగడం, 9 అంటే 852, 1477. అరవై ఏళ్ల నాటి ఏర్పాటైనా మన పొలానికి ఇదే సరిపోతుంది. మీటల ఫోన్‌తో పని జరుగుతుంది, డేటా అక్కర్లేదు, చదవడం రాకపోయినా వినిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, జవాబు అదే కాల్‌లో వస్తుంది. 1 నొక్కి లైన్లోనే ఉంటే, మోటారు ఎక్కి కరెంటు నిలకడయ్యాక, ‘మోటారు ఆన్ అయింది, మూడు ఫేజులు ఉన్నాయి’ అన్న మాట విని ఫోన్ పెట్టేయవచ్చు. అడిగిన పనికీ అందిన జవాబుకూ మధ్య అనుమానానికి చోటుండదు.

దీనికీ ఇబ్బందులున్నాయి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాట నలిగినట్టే స్వరమూ నలుగుతుంది, డబ్బా అంకెను గుర్తుపట్టదు. డబ్బా మాట్లాడుతుండగానే నొక్కితే కూడా కొన్ని డబ్బాలు పట్టుకోలేవు. మాట అయిపోయాక ఒక సెకను ఆగి నొక్కండి. టచ్ ఫోన్‌లో చెవి దగ్గర నుంచి తీసేసరికి తెర వెలిగి కీప్యాడ్ వెతుక్కునేలోపు డబ్బా కాల్ కట్ చేసేస్తుంది, కాబట్టి ముందే స్పీకర్ వేసి కీప్యాడ్ తెరిచి ఉంచుకోవాలి. అంకెలు మార్చుకునే వీలుంటే ఆన్‌కు 1, ఆఫ్‌కు 9 పెట్టించండి. 1, 2 పక్కపక్క మీటలు, మట్టి చేతులతో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కడం మామూలే. మిర్చి యార్డులో బస్తాల మధ్య, హమాలీల కేకల మధ్య నిలబడి చేస్తే డబ్బా మాట వినపడదు. ఈ ఒక్కచోట మాత్రం మెసేజే నయం.

మిస్డ్ కాల్ రకానికి గిరాకీ ఎక్కువ, ఎందుకంటే ఖర్చు లేదు, నేర్చుకునేదీ లేదు. రింగివ్వగానే డబ్బా కాల్ కట్ చేసి మోటారు వేస్తుంది, మళ్లీ రింగిస్తే ఆపుతుంది. నాకు నచ్చనిది ఇదే. ఒకే సైగకు రెండర్థాలు. తండ్రి ఇంటి నుంచి రింగిచ్చి మోటారు వేశాడు, ఆ సంగతి తెలియక కొడుకు ఊళ్లోంచి రింగిచ్చాడు, మోటారు ఆగిపోయింది. ఇద్దరూ నడుస్తోందనే అనుకుంటారు. ఇదే తిరగబడి, ఆపామనుకున్న మోటారు నడిచిపోతే ఇంకా నష్టం, మిరప చేలో రాత్రంతా నీళ్లు నిలిస్తే వేరు కుళ్లు తెగులు పట్టుకుంటుంది. కొన్ని డబ్బాల్లో రెండు రింగులకు ఆన్, నాలుగు రింగులకు ఆఫ్ అని పెడతారు. అదీ నమ్మదగింది కాదు. మన చెవికి వినపడే రింగు నెట్‌వర్క్ వినిపించేది, అవతల డబ్బాకు తగిలే రింగుతో దానికి లెక్క కుదరదు. మిస్డ్ కాలే కావాలనుకుంటే ఆన్‌కు మాత్రమే పనిచేసి, పెట్టిన గంటల తర్వాత తనంతట తనే ఆగే రకం తీసుకోండి. ఆగినప్పుడు తిరిగి ఒక రింగిచ్చే ఏర్పాటూ ఉండాలి.

మెసేజ్ రకంలో జవాబు రాతలో మిగులుతుంది, ఎప్పుడు వేశామో ఎప్పుడు ఆగిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఆలస్యం మాత్రం చెప్పలేం, ఒక్కోసారి వెంటనే వస్తుంది, ఒక్కోసారి పావుగంట. భాష దగ్గర ఇంకో చిక్కుంది. ఒక మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70. అందులోనూ గుణింతం గుర్తులు, పొల్లు వేరుగా లెక్కకొస్తాయి. ‘మోటారు ఆన్ అయింది’ అన్న చిన్న మాటే 17 తింటుంది. మూడు ఫేజుల వోల్టేజీ, ఆంపియర్లు చేరిస్తే రెండు మెసేజ్‌లవుతుంది. అందుకే చాలా డబ్బాలు పొడి ఇంగ్లీషులో పంపుతాయి, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరితోనో చదివించుకోవాల్సి వస్తుంది. వోల్టేజీ ఊగిసలాడే రోజున ప్రతి ఊపుకూ ఒక మెసేజ్ పంపి, ప్యాక్‌లో రోజుకిచ్చే 100 మధ్యాహ్నానికే అవగొట్టే డబ్బాలూ ఉన్నాయి. వోల్టేజీ తేడా కనీసం 30 సెకన్లు నిలిస్తేనే కబురు పంపేలా సెట్ చేయించండి.

యాప్ అందంగా ఉంటుంది. ఎన్ని గంటలు నడిచిందో పట్టికగా చూపిస్తుంది, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ తోట చూసుకునేవాళ్లకు ఇంతకు మించిన దారి లేదు. కానీ యాప్‌లో కనిపించే పచ్చ లైటు చాలాసార్లు చివరిసారి తెలిసిన స్థితి మాత్రమే. పొలంలో నెట్ పోయి గంటయినా ఆ లైటు పచ్చగానే ఉంటుంది. పక్కన చివరి కబురు ఎప్పటిదో టైం చూపించని యాప్‌ను నమ్మి మోటారు వదిలేయొద్దు. ఏటేటా సర్వర్ రుసుం ఉంటుందా, కంపెనీ మూతపడితే కాల్‌తోనో మెసేజ్‌తోనో నడుస్తుందా అన్నవి కొనకముందే అడగాలి.

ఇల్లు పొలం గట్టునే ఉంటే సిమ్ లేని రేడియో రిమోట్ సరిపోతుంది. కరెంటు రాగానే తనే మోటారు వేసే ఆటో స్టార్టర్ సంగతి చెప్పనక్కర్లేదు, అది ఎవరితోనూ మాట్లాడదు. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఎక్కేటప్పుడు ఒక్కొక్కటి మామూలుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు పదే పదే చెప్పింది అందుకే. సెల్ డబ్బాలో ఆటో పెట్టుకున్నా, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది నలుగురూ మాట్లాడుకుని ఒకరు 1 నిమిషం, ఒకరు 2, ఒకరు 3 అని ఆలస్యం వేరువేరుగా పెట్టుకోండి.

ఏ రకం తీసుకున్నా సిమ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. డబ్బాలో సిమ్‌తో పనిచేసే భాగం, అంటే మాడ్యూల్, 2జీదైతే జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు. జియోతో కాల్ రకం నడవాలంటే డబ్బాలో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే వీలు) ఉన్న 4జీ మాడ్యూల్ ఉండాలి. రీచార్జ్ గడువు దాటితే ఇన్‌కమింగూ ఆగిపోతుంది, డబ్బా చెడిందని మెకానిక్‌ను పిలిపించే ఫోన్లలో కొన్ని ఇవే. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డేటా లేకుండా మాటకూ మెసేజ్‌కూ మాత్రమే ప్యాక్ ఉండాలని, గడువు 365 రోజుల దాకా ఇవ్వవచ్చని చెప్పింది. డబ్బాకు అలాంటి ప్యాకే వేయించి తేదీ మూత లోపల రాసి పెట్టండి. యాంటెన్నా ఇనప డబ్బా లోపల మడిచి పెడితే సిగ్నల్ అందదు, తీగ బయటికి తీసి ఎత్తున బిగించాలి. 2జీ మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణాన 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై బలహీనమైతే సరిగ్గా కాల్ ఎత్తబోతూ ఆగి మళ్లీ మొదలవుతుంది. బయటికి అది సిగ్నల్ లేనట్టే కనిపిస్తుంది.

బిగించేటప్పుడు డబ్బాలోని ఆన్ రిలేను పచ్చ మీటకు సమాంతరంగా, ఆఫ్ రిలేను ఎర్ర మీట తీగలో వరసగా కలపాలి. అలాగైతే డబ్బా చెడినా చేత్తో మోటారు వేసుకోవచ్చు. ఓవర్‌లోడ్ రిలేను ప్లేటు మీది ఆంపియర్లకు పెట్టి, రీసెట్ చేత్తో నొక్కేలా ఉంచండి. ఆటో రీసెట్‌లో ఉంటే ట్రిప్ అయిన మోటారును ఫోన్‌తో మళ్లీ మళ్లీ వేస్తూ కాల్చుకుంటాం. కౌలు మారినప్పుడు పాత కౌలుదారు నంబరు తీయించడం మర్చిపోవద్దు.

డబ్బా పక్కన ‘చేత్తో – ఫోన్‌తో’ అని రెండు గడులున్న తిప్పుడు స్విచ్ తప్పకుండా పెట్టించండి. బోరు దగ్గర ఎవరైనా చెయ్యి పెట్టేముందు దాన్ని ‘చేత్తో’ వైపు తిప్పి, మెయిన్ స్విచ్ దించి, ఫీజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. ఎక్కడో యార్డులో ఉన్న మనిషికి ఇక్కడ పైపు మీద చెయ్యి ఉందని తెలియదు, అలవాటుగా 1 నొక్కేస్తాడు.