జిప్సీ బోల్టులకు టార్క్ రెంచ్: కోనసీమ గట్ల మీద కొన్నేళ్లు వాడాక

నా దగ్గరున్నది క్లిక్ రకం టార్క్ రెంచ్, అంటే ఎంత బిగువు కావాలో ముందే అంకె పెట్టుకుంటే, అంత రాగానే క్లిక్‌మనే పానా. డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) అర అంగుళం, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) వరకు సెట్ చేసుకోవచ్చు. ధరలో మధ్యరకం. ఎక్కువగా వాడింది పాత మారుతి జిప్సీ మీద. సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువుల గట్లు, కొబ్బరితోటల్లో బండి జాడలు, వేసవిలో లంకల ఇసుక: ఆ బండి తిరిగేది ఇవే. వానాకాలం రేగడి బురద సరేసరి. రెంచ్ కొనదగ్గ వస్తువే, అందులో అనుమానం లేదు. కాకపోతే ఏ బోల్టు వదులవుతోందో అది మీకు చెప్పదు. ఆ పని చేసేది తెల్ల పెయింటు మార్కర్.

జిప్సీకి ముందూ వెనకా గట్టి యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలే (ఇనుప పట్టీలు దొంతరగా పేర్చిన స్ప్రింగులు). కట్టను యాక్సిల్‌కి అదిమి పట్టేవి యూ బోల్టులు. వాటి నట్లు వదులైతే భారమంతా కట్ట మధ్యలోని సన్నటి సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది తెగిందంటే యాక్సిల్ పక్కకి జరుగుతుంది, బండి ఒక వైపుకి లాగేస్తుంది. స్టీరింగ్ సంగతి ఇంకా సున్నితం. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపుకి డ్రాగ్ లింక్ అనే కడ్డీ, అక్కడి నుంచి రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్, ప్రతి కొసకీ ఒక బాల్ జాయింట్ (అటూ ఇటూ తిరిగే గుండు కీలు), ఒక్కో జాయింటుకీ ఒక నట్టు. గట్టు మీద ఒక పక్క చెరువు, ఇంకో పక్క బోదె ఉన్నచోట స్టీరింగ్ గజగజలాడితే వచ్చే టెన్షన్ ఎలాంటిదో ఈ ప్రాంతంలో బండి నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు.

మా ఊరి మెకానిక్ చేయి మంచిదే. కానీ రెంచ్ చూడగానే, "ఆయ్, ఇన్నేళ్ల నుంచీ పానాకి పైపు తగిలించి బిగిత్తన్నావండీ, ఏ బండీ ఊడిపోలేదు, ఈ టక్కుటక్కులెందుకండీ" అన్నాడు. పైపు వేస్తే బిగువు చాలదన్న భయం ఉండదు, నిజమే. ఎక్కువవుతుందన్నదే భయం. బిగించినప్పుడు బోల్టు కాస్త సాగుతుంది, ఆ సాగుడే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంటుంది. హద్దు దాటి సాగితే మళ్లీ వెనక్కి రాదు. పైకి బిగుతుగానే కనిపిస్తుంది, పట్టు మాత్రం తగ్గిపోవచ్చు. మర కూడా పాడవుతుంది.

వాడేకొద్దీ నాకు బోధపడిన అసలు సంగతి ఉప్పు. మన చేతి బలంలో పదో వంతు మాత్రమే బోల్టుని సాగదీయడానికి పనికొస్తుంది, మిగతాదంతా నట్టు కింద, మరల్లో రాపిడికే పోతుంది. సముద్రపు గాలి, చెరువు నీళ్లు కలిసి మరల్లో తుప్పు పట్టిస్తే ఆ రాపిడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు తుప్పు పట్టిన నట్టు మీద రెంచ్ పెట్టి లాగితే, నట్టు వీసమెత్తు కదలకుండానే క్లిక్‌మంటుంది. అంతా బాగుందనుకుంటాం. లోపల పట్టు సగమే ఉండొచ్చు. అందుకే అనుమానం ఉన్న బోల్టు మీద ఊరికే క్లిక్ చేసి వదిలేయను. నట్టు విప్పి, వైరు బ్రష్‌తో మర శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి బిగిస్తాను. నూనె పూయడం మంచి అలవాటే అనుకుంటారు చాలామంది. మాన్యువల్‌లో పొడి మరకి ఇచ్చిన అంకె పెట్టుకుని నూనె పూసిన మరని బిగిస్తే, క్లిక్ వచ్చేసరికే బోల్టు అవసరాన్ని మించి సాగి ఉంటుంది.

పాత మాన్యువల్‌లో అంకెలు కేజీ మీటర్లలో ఉంటే 9.8తో హెచ్చిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. ఏ బోల్టుకి ఎంతో మీ బండి పుస్తకంలోనే చూసుకోండి, పక్కవాడి బండి అంకె మీకు పనికిరాదు.

సరిగ్గా బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి మార్కర్‌తో ఒక గీత గీస్తాను. నట్టు తిరిగితే ఆ గీత విరుగుతుంది. బురద కడిగాక టార్చి పట్టుకుని కిందికి దూరితే చాలు, చూపుతోనే తెలిసిపోతుంది, రెంచ్ బయటికి తీయాల్సిన పనే ఉండదు. అయితే గీత నట్టు గురించే చెబుతుంది, అరిగిన బాల్ జాయింటు గురించి చెప్పదు. దానికి మనిషి సాయం కావాలి. బండి నేల మీదే ఉండగా మా అబ్బాయి స్టీరింగ్‌ని కాస్త అటూ ఇటూ ఆడిస్తాడు, నేను కింద జాయింటు మీద చేయి వేసి ఉంచుతాను. అరిగినదైతే టక్ అని చేతికి తగులుతుంది. అలాంటిదాన్ని ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే.

టై రాడ్ కొసన ఉండే కాజిల్ నట్టు (పైన గాడులున్న నట్టు) దగ్గర ఒక్క జాగ్రత్త. నట్టు తిరగకుండా గాడిలోంచి దూర్చే స్ప్లిట్ పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టుని వెనక్కి తిప్పకూడదు, తర్వాతి గాడి దాకా ముందుకే బిగించాలి. పాత పిన్ను మళ్లీ వాడకూడదు. షాకిల్ (కట్ట కొసను బండికి కలిపే లింకు) బోల్టుల్లాంటి రబ్బరు బుష్‌లు, అంటే రబ్బరు తొడుగులు, ఉన్న చోట చివరి బిగింపు చక్రాల మీద బండి బరువు పడ్డాకే. జాకీ మీద వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కట్టలు మార్పిస్తే కొత్త యూ బోల్టులు వేయించుకుని, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. కట్ట సర్దుకున్నాక నట్లు వదులవ్వొచ్చు.

ఇక రెంచ్ బాగోగులు. ప్లాస్టిక్ పెట్టె కీలు త్వరగానే విరిగింది. అంకెలు చెరిగిపోతున్నాయి, చీకట్లో చదవడం కష్టం. రాట్చెట్ తలలో ఇసుక చేరితే కరకరమంటుంది. పని అయ్యాక స్ప్రింగు వదులయ్యేలా అట్టడుగు అంకెకి తెచ్చి పెట్టాలి. బిగిసిన బోల్టులు విప్పడానికి దీన్ని వాడకూడదు, దానికి మామూలు బార్ ఉంది. ఇలాంటి రెంచ్‌కి ఏడాదికోసారి గానీ 5,000 క్లిక్కులకోసారి గానీ కాలిబ్రేషన్ (అంకె సరిగ్గా ఉందో లేదో కొలిచి సరిచేయడం) చేయించాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. నేను మధ్యమధ్యలో ఇంట్లోనే ఓ పరీక్ష పెడతాను. బిగించే చదరపు మొనను వైస్‌లో పట్టించి, రెంచ్‌ని అడ్డంగా ఉంచి, మొన మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో, పిడి మీద, 20 కిలోల తూకం రాళ్లు వేలాడదీస్తే దాదాపు 78 న్యూటన్ మీటర్లు పడుతుంది. పిడి బరువు వల్ల ఇంకాస్త కలుస్తుంది. అంకె 70 దగ్గర పెడితే క్లిక్‌మని, 90 దగ్గర పెడితే అనకపోతే నా అవసరానికి చాలు. ఇది కాలిబ్రేషన్ కాదు, రెంచ్ మరీ దారి తప్పిందో లేదో తెలుసుకోవడానికే.

అసలైన లోటు: ఈ సైజు చిన్న బోల్టులకి పనికిరాదు. అట్టడుగు అంకెల దగ్గర ఇలాంటి రెంచ్‌లని నమ్మలేం కూడా. అందుకని 12 మిల్లీమీటర్ల తల ఉన్న బోల్టులన్నీ ఇప్పటికీ చేత్తోనే బిగిస్తున్నాను. ఈసారి కొంటే 3/8 అంగుళం డ్రైవ్‌ది, 10 నుంచి 60 వరకు ఉండేది తీసుకుంటాను, అదీ ఇనుప పెట్టెలో వచ్చేదైతేనే.