మత్తు దిగిందా? నర్సు వేసే స్కోరు, కన్ను చెప్పే లెక్క

నల్లగొండలో అమ్మకు ఎండోస్కోపీ చేయించిన రోజు మిడజోలామ్ అనే మత్తుమందు ఇచ్చారు. గంట తర్వాత నర్సు అడిగితే పేరు, ఊరు తడబడకుండా చెప్పింది. దేవరకొండ బస్సు ఎక్కబోతే మాత్రం చెప్పు మెట్టు అంచుకు తగిలి తూలింది. చేయి పట్టుకోకపోతే పడిపోయేదే.

నర్సు చూసింది ఆల్డ్రేట్ స్కోరు, అంటే మత్తు నుంచి ఎంత తేరుకున్నారో చెప్పే మార్కులు. 1970లో వచ్చింది, 1995లో అందులో చర్మం రంగు బదులు ఆక్సిజన్ శాతం చేరింది. కాళ్లూ చేతుల కదలిక, శ్వాస, రక్తపోటు, స్పృహ, ఆక్సిజన్: ఒక్కోదానికి 2 మార్కుల దాకా. పదికి 9 వస్తే రికవరీ గది నుంచి పంపవచ్చు. పెద్ద ఖర్చు లేదు, చిన్న ఆసుపత్రిలోనూ కుదురుతుంది. కానీ పిలిస్తే పలకడం వేరు, రోడ్డు దాటగలగడం వేరు.

కంటి కదలికల పరీక్ష ఈ రెండో సంగతికి దగ్గరగా వెళుతుంది. తెర మీద చుక్క ఇటు నుంచి అటు దూకుతుంది. చూపు దాని వెంట ఎంత వేగంగా దూకిందో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కొలుస్తుంది. మత్తులో ఆ వేగం తగ్గుతుంది. పట్టుదలతో దాన్ని పెంచుకోలేం. చుక్క మెల్లగా జరిగినా, కన్ను సాఫీగా వెంబడించలేక చిన్న చిన్న గెంతులు వేస్తుంది. మత్తుకు ముందే ఒకసారి కొలిచి పెట్టుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. శుక్లాలు ముదిరినవారికి, రెప్పలు వాలిపోయేవారికి ఇది కష్టం. పైగా యంత్రం కొనాలి.

నన్ను అడిగితే స్కోరు తప్పనిసరి, కంటి పరీక్ష దానికి తోడు. రెండూ బాగున్నాయన్నా, మా ఇంట్లో మత్తుమందు ఇచ్చినవారిని 24 గంటలు బండి నడపనివ్వను.