చియాంగ్ రాయ్‌లో కాఫీ షాపుల వేట: మూడేళ్ల తర్వాత నా మాట

థాయ్‌లాండ్‌కి ఉత్తరాన చిట్టచివరి జిల్లా చియాంగ్ రాయ్. అక్కడ కాఫీ షాపు వెతుక్కోవడం ఏం కష్టం అనుకుంటారు చాలామంది. షాపు దొరకడం కష్టం కాదు. వీధికి రెండు ఉంటాయి. కూర్చుని ఫొటో దిగాల్సిన షాపేదో, కాఫీ తాగాల్సిన షాపేదో తేల్చుకోవడమే కష్టం. ఇక్కడ ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ మూడేళ్లుగా వారానికి నాలుగైదు షాపుల గడప తొక్కుతున్నాను. ఆ లెక్కన ఈ సమీక్ష రాసే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నా.

మొదటి ఏడాదంతా ఫోన్ మ్యాపు చుక్కలు నమ్మి మోసపోయాను. ఒక ఆదివారం 4.8 చుక్కలున్న షాపు కోసం స్కూటర్ మీద అరగంట ఎండలో వెళ్లాను. పచ్చని వరిచేను, మధ్యలో వెదురు వంతెన, చివర ఉయ్యాల. చూడ్డానికి చాలా బాగుంది. కాఫీ మాత్రం మాడిన వేరుశెనగ తొక్క నమిలినట్టుంది. ఇంటికొచ్చి ఆ సమీక్షలన్నీ అనువాదం పెట్టి చదివాను. మూల బాగుంది, ఫొటోలు బాగా వస్తాయి, పార్కింగ్ ఉంది, కేక్ ముద్దుగా ఉంది. ముప్పై సమీక్షల్లో కాఫీ రుచి గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లు అబద్ధం రాయలేదు, ఆ చుక్కలు ఉయ్యాలకు వేశారు. నేనే కాఫీకి అనుకున్నాను.

దారి చూపించింది నా దగ్గర చదివే ఒక కుర్రాడు. "ఖాఫే అని వెతక్కండి సార్, రోంగ్ ఖువా అని కొట్టండి" అన్నాడు. ఖువా అంటే వేయించడం, రోంగ్ ఖువా అంటే గింజలు వేయించే చోటు. ఆ మాట థాయ్ లిపిలో కొట్టగానే మ్యాపులో వేరే ఊరు కనిపించినట్టయింది. ఇళ్ల మధ్య సందులో, ముందు చిన్న వాకిలి, లోపల వేయించే మెషిన్, నాలుగు బల్లలు. బోర్డు కూడా సరిగ్గా ఉండదు. వాసనే బోర్డు.

ఇలాంటి చోట కౌంటర్ దగ్గర ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఖువా ఆన్, ఖువా క్లాంగ్, ఖువా ఖెమ్? తక్కువ వేయించినదా, మధ్యస్థమా, బాగా వేయించినదా అని. ఆ ప్రశ్న అడిగారంటే కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకు ఖువా ఖెమ్ పాలతో సరిపోతుంది. ఖువా ఆన్ మొదట్లో పుల్లగా, చింతచిగురు నీళ్లలా అనిపించి మొహం చిట్లించాను. ఇప్పుడు అదే అడుగుతున్నాను. లాటే మామూలుగా 50 నుంచి 80 బాట్ల మధ్య ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. కాఫీ అంటే వీళ్లకు చల్లదే, వేడిది కావాలంటే "రోన్" అని గట్టిగా చెప్పాలి. తీపి గురించి అంతకంటే గట్టిగా చెప్పాలి. "వాన్ నోయ్" అంటే తీపి కొంచెం అని. అది అనకపోతే పాయసం వస్తుంది. షాపువాళ్లను "పీ" అని పిలిస్తే, అంటే అన్నా, అక్కా అన్నట్టు, మొహం విప్పారుతుంది. రెండోసారి వెళ్లేసరికి మన రుచి వాళ్లకు గుర్తుంటుంది.

అసలు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటుకి ఏసీ లేదు, వైఫై లేదు. పొద్దున్నే సంతలో కాఫే బోరాన్ అమ్మే ముసలావిడ బండి. బోరాన్ అనే మాట మన పురాణమే, సంస్కృతం నుంచి అక్కడిదాకా నడిచి వెళ్లింది. పాతకాలపు కాఫీ అన్నమాట. గుడ్డ సంచిలో పొడి వేసి మరిగే నీళ్లు పోసి, గ్లాసు అడుగున చిక్కటి తీపి పాలు వేసి పైన డికాషన్ వంచుతుంది. పక్కన పలచటి టీ ఊరికే ఇస్తుంది. నంజుకోవడానికి పాతోంగ్కో, నూనెలో వేగి ఉబ్బిన మైదా ముక్కలు. ఈ పాతకాలపు పొడిలో మొక్కజొన్న, సోయా లాంటి గింజలు కూడా వేయించి కలుపుతారని తెలిసి నవ్వొచ్చింది. మన చికోరీకి దూరపు చుట్టమే కదా! ఆవిడను "పా" అంటాను. అమ్మకో నాన్నకో అక్క వరస. అంటే మన పెద్దమ్మ, మేనత్త ఇద్దరూ ఒకే మాటలో.

కాఫీ మీద నిజంగా పిచ్చి ఉంటే పట్టణం దాటి కొండెక్కాలి. డోయ్ చాంగ్ కొండమీద ఆఖా తెగవాళ్లు పండించే అరబికాకు 2015లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. డోయ్ తుంగ్ వైపు ఒకప్పుడు నల్లమందు సాగు. 1988లో రాజమాత శ్రీనగరింద్ర మొదలుపెట్టిన ప్రాజెక్టు ఆ వాలుల్లో అడవినీ కాఫీనీ నాటించింది. బర్మా సరిహద్దు పక్కన ఫా హీ అనే ఆఖా ఊరుంది. ఇళ్లు వాలుకు వేలాడుతున్నట్టుంటాయి, షాపు అరుగు మీద కూర్చుంటే కాళ్ల కింద లోయ. చలికాలంలో వెళ్తే కోతలు సాగుతుంటాయి, గింజలు ఆరబోసి ఉంటాయి. మాది విశాఖ. అరకులో గిరిజనుల తోటలు చూసి పెరిగినవాణ్ణి, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంబరపడినవాణ్ణి. అయినా ఒక ముచ్చట మాత్రం కొత్త: పండించిన ఇంట్లోనే వేయించి, ఆ ఇంటి అమ్మాయే కప్పులో పోసి ఇవ్వడం. ఆ రోజు కాస్త అసూయపడ్డాను. వెళ్లే రోడ్డు మాత్రం నిటారుగా ఉంటుంది, అద్దె స్కూటర్ బ్రేకులు ముందు చూసుకోండి.

ఇక చిరాకులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలూ అడవులూ తగలబడి పొగ కమ్మేస్తుంది. ఆ నెలల్లో ఆరుబయట షాపుల జోలికి పోకండి, తలుపులు మూసి గాలి శుద్ధిచేసే మెషిన్ పెట్టినవే దిక్కు. మంచి షాపులు చాలా వరకు సాయంత్రం నాలుగైదింటికే కట్టేస్తాయి. ఆఫీసు అయ్యాక కాఫీ అనే ముచ్చట మరచిపోవాలి. 2024 సెప్టెంబరులో యాగి తుఫాను వానలకు కోక్ నది పట్టణంలోకి వచ్చింది. నేను వెళ్లే ఒడ్డు షాపులో మోకాలెత్తు బురద. మ్యాపులో మాత్రం నెలల తరబడి 'తెరిచి ఉంది' అనే చూపించింది. అప్పటినుంచి బయల్దేరే ముందు షాపు ఫేస్‌బుక్ పేజీలో నిన్నటి పోస్టు చూస్తాను. సెలవుంటే అక్కడే పెడతారు.

సెలవు కూడా షాపుకో వారం. నాకు నచ్చిన రోంగ్ ఖువా తలుపు మీద "వన్ పుత్" సెలవని రాసి ఉంటుంది. పుత్ అంటే బుధుడే, బుధవారం. ఈ మాట నేర్చుకునేలోపు మూడుసార్లు మూసిన తలుపు ముందు నిలబడ్డాను. ఇప్పుడు బుధవారమైతే నేరుగా సంతలో పా బండి దగ్గరికే వెళ్తాను. ఏడున్నర దాటితే పాతోంగ్కో అయిపోతుంది.